నీళ్ళు ఆపిన దానిమ్మ

చెట్టును చూస్తూ ఊరకే కూర్చోవడం నాకు చేతకాదు. పేపరులో పనిచేసినన్నాళ్ళూ సాయంత్రమయ్యేసరికి ఏదో ఒకటి రాసి పంపాల్సిందే. వాన పడితే వాన పడిందని, పడకపోతే పడలేదని. రిటైరైన తరువాత చింతామణిలో మా మిద్దె మీద బోన్సాయ్ చెట్లు పెట్టుకున్నాను గానీ ఆ అలవాటు పోలేదు. పొద్దున కాఫీ తాగి మిద్దె ఎక్కుతాను. కొమ్మ వంచడానికి నిన్న చుట్టిన అల్యూమినియం తీగ బెరడులోకి దిగబడిందా అని చూస్తాను. నిన్న చుట్టింది ఈరోజే ఎట్లా దిగబడుతుంది? తెలుసు. అయినా చూస్తాను. కుండీని కొంచెం తిప్పుతాను, నచ్చక మళ్ళీ మొదటున్నట్టే పెడతాను. కిందికి దిగి పేపరు చదువుతాను. సగం పేజీ అయ్యేసరికి మళ్ళీ పైకి.

"అది చెట్టు. యాడికీ పోదు," అంటుంది నా భార్య వంటింట్లో నుంచే. "ఇన్నేండ్లూ వార్తలు కత్తిరించినారు. ఇప్పుడు కొమ్మలు దొరికినాయి మీ చేతికి."

ఈ పని నాకు నేర్పింది చిక్కబళ్ళాపురంలో ఒక డ్రాయింగ్ మేష్ట్రు. కన్నడ బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి. వాళ్ళ మిద్దె మీద సపోటా, జామ, చింత, నిమ్మ, అన్నీ మోకాలెత్తు లోపలే. ఒకసారి ఆదివారం పేజీకి ఆయన మీద రాద్దామని వెళ్ళాను. రాసింది అచ్చయింది, అయిపోయింది. నేను మాత్రం వెళ్తూనే ఉన్నాను. శిడ్లఘట్ట మీదుగా బస్సులో పోయి, ఆయన కొమ్మ కత్తిరిస్తుంటే పక్కన నిలబడి, సాయంత్రానికి తిరిగి వచ్చేవాణ్ణి. కత్తెర ఆయన చేతిలో ఉన్నా నా వేళ్ళు ఊరుకునేవి కావు. ఏదో ఒక ఆకు తుంచేవాణ్ణి.

"సార్, చేతులు జేబులో పెట్టుకోండి," అనేవాడు మేష్ట్రు. నవ్వుతూనే అనేవాడు, కానీ పెట్టుకునేదాకా కత్తెర ఆడించేవాడు కాదు.

ఆయన మొదట చెప్పిన మాట ఒకటి నాకు బాగా పట్టింది. కుండీలో పెంచితే కొమ్మ కురచవుతుంది, ఆకు చిన్నదవుతుంది. పూవు చిన్నదవదు. కాయా చిన్నదవదు. నిమ్మచెట్టు మోకాలంత ఉన్నా నిమ్మకాయ నిమ్మకాయంతే ఉంటుంది. అందుకని పూసే, కాసే చెట్టును కుండీలో పెట్టుకున్నవాడు దాని బలం ఎంతో, అది మోయాల్సిన బరువెంతో ఎప్పుడూ చూసుకుంటూ ఉండాలి. అది విన్నప్పుడు నాకు కొంచెం గాబరా వేసింది. ఆ గాబరాయే నన్ను మిద్దె మీదికి ఎక్కిస్తూ దించుతూ ఉందేమో.

దానిమ్మ సంగతి మా అక్కతో మొదలైంది.

అక్కది బాగేపల్లి దగ్గర పల్లె. బావ పోయిన తరువాత చేను ఆమే చూసుకుంది. చెనక్కాయ వేసే ఎర్రనేల. ఆ నేలలో దానిమ్మ తోట పెడతానని అక్క అన్నప్పుడు ఊళ్ళో అందరూ నవ్వారట. మొదటి ఎండాకాలం బోరు చాలక ట్యాంకరుతో నీళ్ళు తెప్పించి, చెట్టుకింత అని చెంబుతో పోసింది. తరువాత డ్రిప్పు వచ్చింది. తోట నిలబడింది. కాపు మొదలైన ఏడు బెంగళూరు నుంచి లారీ చేనిగట్టు దాకా వచ్చి నిలబడితే అక్క నాకు ఫోను చేసి, "నువ్వు రావల్ల. ఫోటో తియ్యల్ల," అంది. వెళ్ళాను, తీశాను. ఆ ఫోటోలో అక్క లారీని చూడటం లేదు. చెట్ల వైపే తిరిగి ఉంది.

దానిమ్మ తోటలో ఒక పద్ధతి ఉంది. మా వైపు రైతులందరికీ తెలిసిందే. చెట్టు దానంతట అది పూస్తే ఏడాది పొడుగునా అక్కడొకటి ఇక్కడొకటి పూస్తుంది. అట్లా వచ్చే కాయ వ్యాపారానికి పనికిరాదు. అందుకని నీళ్ళు ఆపేస్తారు. ఆకు పండబారి రాలేదాకా ఎండగడతారు. కొమ్మల కొసలు కత్తిరించి, ఎరువు వేసి, అప్పుడు ఒక్కసారిగా నీళ్ళు వదులుతారు. చావు అంచుదాకా పోయి వచ్చిన చెట్టు తోటంతా ఒక్కసారే ఎర్రగా పూస్తుంది. ఎన్నాళ్ళు ఆపాలి, ఎప్పుడు వదలాలి అన్నది చూపు మీద ఉంటుంది. ఆ చూపు అక్కకు ఉందని చుట్టుపక్కల పేరు. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చి, "అమ్మా, మా తోట ఒకసారి చూసి చెప్పు, ఇంగ ఆపల్లా, ఇడవల్లా," అని అడిగేవాళ్ళు.

ఆ తోట ఎండిపోయింది. ముందు ఒక చెట్టులో ఒక కొమ్మ పసుపు తిరిగింది. తరువాత ఆ చెట్టంతా. తరువాత పక్క చెట్టు, ఆ పక్కది. కాయలు కొమ్మల మీద ఉన్నవి ఉన్నట్టే ముడుచుకుపోయాయి. నేలలో పుట్టే రోగమనీ, వేళ్ళ నుంచి ఎక్కుతుందనీ, మందు లేదనీ తోటగారిక ఇలాఖా, అంటే ఉద్యాన శాఖ, నుంచి వచ్చినాయన చెప్పి పోయాడు. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఇంకో మాట అన్నారు. ఏడాదికొక పూత చాలక రెండో పూతకు కూడా నీళ్ళు ఆపిందనీ, ఆశకు పోయి చెట్లను ఎండగట్టి ఎండగట్టి చంపిందనీ.

ఊరి వాళ్ళు అంటే అక్క పట్టించుకునేది కాదు. ఆ మాట ఆమె కొడుకే అన్నాడు.

నా మేనల్లుడు మొండివాడు కాడు, దుర్మార్గుడు కాడు. తోట తీసేసి పాలిహౌస్ వేసి క్యాప్సికమ్ పెడదామన్నాడు. అక్క ఇంకొక ఏడాది చూద్దామంది. మాటా మాటా పెరిగి, "నువ్వు చూసింది చాల్లేమ్మా, నీ చేత్తోనే గదా పోయినాది," అన్నాడు. అన్న తరువాత నాలుక కరుచుకున్నాడట. కానీ అక్క ఆ రోజే జేసీబీని పిలిపించమంది.

నాకు ఫోను వచ్చింది. "ఏమప్పా, కుండీల్లో చెట్లు పెట్టుకుంటావంట గదా. ఒకటి తీసుకోపో."

చలికాలం. నేను వెళ్ళేసరికి తోట సగం వేళ్ళతో సహా పైకి లేచి పడుకుని ఉంది. బోరు షెడ్డు పక్కన, వరస చివర ఒక చెట్టుకు మాత్రం ఇంకా పచ్చగా ఆకుంది. జేసీబీని అటు పోనివ్వకుండా అక్క దాని ముందర నిలబడి ఉంది. ఆమే గడ్డపార పట్టుకుని చుట్టూ తవ్వించింది. మోకాలెత్తున బోదె ఉంచి పైనంతా రంపంతో కోయించాను. తడి గోనెసంచిలో వేళ్ళు కట్టి, చింతామణి మార్కెట్టుకు టమాటా తోలే బండిలో బాక్సుల మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చాను. తెచ్చిన రోజే మేష్ట్రు ఫోనులో చెప్పినట్టు వేళ్ళకున్న మన్నంతా నీళ్ళతో కడిగేసి, రోగమున్న చోట్లు కోసేసి, ఇటుక పొడి, ఇసుక, చివికిన పేడ ఎరువు కలిపిన కొత్త మట్టిలో పెట్టాను.

"మా మన్ను కడిగేసినావా?" అంది అక్క, ఫోనులో ఆ సంగతి చెబితే.

"రోగం మన్నులోనే గదక్కా ఉండేది."

"అట్లయితే మన్నులోదే అంటావు," అంది. ఆ మాట నా నోటి నుంచి ఇంకోసారి వినాలని ఆమె అడిగిందని నాకు అప్పుడు తెలియలేదు. అవునక్కా అని వేరే మాటలోకి పోయాను.

చెట్టు బతికింది. మొదటి ఏడు దాని పాటికి దాన్ని వదిలేశాను. వదిలేశాను అంటే, నా చేతనైనంత. రెండో చలికాలంలో వేళ్ళు ఇంకొంచెం కురచ చేసి వెడల్పాటి లోతులేని కుండీలోకి మార్చాను. దాని బోదె చాలా అందంగా ఉండేది. దానిమ్మ బోదె వయసు మీద పడేకొద్దీ పురి పెట్టిన తాడులా మెలి తిరుగుతుంది. దీనికి ఆ మెలి వచ్చేసింది. నేను చేయాల్సిందల్లా దాని మీదికి కొమ్మలు తేవడం. కుడి వైపు కిందిగా ఒకటి, ఎడమ వైపు కొంచెం పైగా ఒకటి, వెనక లోతు కోసం ఒకటి, పైన తలకాయగా ఒకటి. ముందర పక్క ఏమీ రాకూడదు. బోదె కనపడాలి. లేతకొమ్మలకు అల్యూమినియం తీగ చుట్టి కిందికి వంచాను. దానిమ్మ కొమ్మ పెళుసు. వంచుతున్నంతసేపూ టప్పుమంటుందేమోనని చెవి అటే పెట్టుకుని ఉండేవాణ్ణి. కొసలు ఎప్పటికప్పుడు గిల్లేవాణ్ణి.

గిల్లడం ఎక్కువైంది. దానిమ్మ కొత్త రెమ్మల కొసల్లో పూస్తుంది. కొస బయటికి రాగానే నా గోరు దాన్ని తీసేసేది. పూత ఎట్లా వస్తుంది?

అక్క ఫోను చేసినప్పుడల్లా అదే అడిగేది. "పూసినాదా?"

"లేదక్కా."

"ఏం జేస్తాండావురా దాన్ని?"

కళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడు ఒకసారి మిద్దె ఎక్కి చూసింది. తీగలు చుట్టిన కొమ్మల్ని వేలితో తట్టింది. "పాపం, బండి మీద నుంచి పడినోని మాదిరి ఒళ్ళంతా కట్లు కట్టించుకోనుండాది," అంది. నా భార్య నవ్వింది. నేనూ నవ్వాను. అక్క మాత్రం నవ్వలేదు. కుండీ మట్టి నొక్కి చూసి, "రోజూ పోస్తావా నీళ్ళు?" అని అడిగింది.

"రోజూ పోయాల్సిందే. లోతులేని కుండీ."

"ఊఁ," అని కిందికి దిగిపోయింది.

ఈ ఎండాకాలం ఆమెకు కంటి ఆపరేషను చింతామణిలోనే చేయించాము. మేనల్లుడికి క్యాప్సికమ్ కోత సమయం. మా ఇంట్లోనే ఉంచుకున్నాము. కట్టు విప్పిన తరువాత గౌరిబిదనూరులో నా భార్య తరఫు పెళ్ళి వచ్చింది. దుమ్ములో, జనంలో తిరగకూడదని అక్క రానంది. పెళ్ళి, మరుసటి రోజు తాంబూలాలు, వాళ్ళ ఇంటి దేవుడి పూజ, అన్నీ కలిపి వారం పట్టేట్టుంది. "చెట్లకు నీళ్ళు నేను పోస్తాలే. చెంబుతో పోసే పని నాకు కొత్తనా?" అంది అక్క. నిజమే కదా అనుకున్నాను. ఆమె కన్నా నమ్మకంగా నీళ్ళు పోసేవాళ్ళు నాకు ఎవరు దొరుకుతారు?

పెళ్ళిలో నాకు కుదురు లేదు. భోజనాల దగ్గర కూర్చుంటే మిద్దె గుర్తుకొచ్చేది. రోజూ ఫోను చేసేవాణ్ణి. "నీళ్ళు పోసినావా అక్కా?" అంటే "అన్నిటికీ పోసినా, గమ్మునుండు," అనేది.

తిరిగి వచ్చి చెప్పులు విడిచి నేరుగా మిద్దె ఎక్కాను. జామ, నిమ్మ, చింత, అన్నీ తడిగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. దానిమ్మకు ఒక్క ఆకు లేదు. కుండీలో మన్ను బీటలిచ్చి అంచుల నుంచి విడిపోయింది. కొమ్మల కొసలన్నీ ఒక్క తీరుగా కత్తిరించి ఉన్నాయి. కింద రాలిన ఆకును శుభ్రంగా ఊడ్చి ఒక మూలకు చేర్చి ఉంది. అక్క బకెట్టు పట్టుకుని నా వెనకాలే మెట్లెక్కుతోంది. కంటికి నల్లద్దాలు.

"సరైన సమయానికి వస్తివి," అంది. "ఈ పొద్దే ఇడస్తాండా నీళ్ళు."

"ఏం చేసినావక్కా?"

"నువ్వు చెయ్యనిది. రోజూ కడుపునిండా తాగే చెట్టు ఎందుకు పూస్తాది? దానికేం కర్మ?" కుండీలో డీఏపీ ఎరువు గుళికలు నాలుగు వేసింది. బకెట్టు వంచింది. "చేనిలో నెల ఆపల్ల. ఈడ మన్ను చూసి నాలుగు రోజులకే తెలిసిపోయినాది. ఇంగో పూట ఆపింటే పోయేది. చూపు ఉండల్లప్పా."

మీసాల్లాంటి వేళ్ళు ఎన్ని మాడిపోయాయో ఆ మట్టి కింద అని అనుకుంటున్నాను. మిగిలినవాటిని ఆ ఎరువు కాల్చేస్తుందని డీఏపీ గుళికల్ని ఒక్కొక్కటే ఏరి బయట పడేశాను. అక్క అది చూసింది. ఆ సాయంత్రమే బాగేపల్లి బస్సు ఎక్కించమంది.

తరువాతి రోజులు నాకు ఇప్పుడు తలుచుకున్నా కుదురుండదు. కుండీని నీడలోకి మార్చాను. మేష్ట్రుకు ఫోను చేస్తే, "ఏమీ చేయకండి సార్. తడి ఆరనివ్వకండి, ముట్టుకోకండి," అన్నాడు. ఏమీ చేయకుండా ఉండటానికి చింతామణిలో ఎన్ని వీధులు ఉన్నాయో అన్నీ తిరిగాను. టమాటా మార్కెట్టుకు పోయి వేలం పాట విన్నాను. బస్టాండులో కూర్చుని చేలూరు బస్సులు, మదనపల్లె బస్సులు చూశాను. ఇంటికి వచ్చి మిద్దె ఎక్కి లోపల పచ్చ ఉందో లేదోనని బోదె మీద గోటితో సన్నగా గీరి చూడబోయి, ఆగి, కిందికి దిగేవాణ్ణి.

ఒకరోజు పొద్దున కొమ్మల నిండా ఎర్రటి చుక్కలు. చిగురు అనుకుని దగ్గరికి పోయాను. ఆకులు చాలా కొద్ది, అవీ ఆవగింజంత. తక్కినవన్నీ మొగ్గలు. ప్రతి రెమ్మ కొసనా గుత్తులుగా. రెండు వారాలకు అది పూసింది. అట్లాంటి పూత నేను ఏ బోన్సాయ్‌కూ చూడలేదు. తీగ చుట్టిన వంకర కొమ్మల మీద, ఆకన్నదే కనపడకుండా నిప్పుకణాల్లా పూలు. నా భార్య కుంకుమ పెట్టివచ్చింది దానికి. వీధిలో వాళ్ళు వచ్చి చూసిపోయారు. ఆపుకోలేక ఫోటో తీసి అక్కకు పంపాను. అదే నా తొందర.

నిమిషంలో ఫోను. "చెప్తినా లేదా?" గొంతు చిన్నపిల్లలా ఉంది. "చెప్తినా లేదా నీకు? ఇట్లా రా, ఇదో చూడు, మీ మామ మిద్దె మీద..." పక్కనున్న కొడుకుకు చూపిస్తోంది. "ఎండగడితే చస్తాదంటివే! చచ్చిందా? చూడు, చచ్చిందేమో చూడు!"

అప్పుడు తెలిసింది నాకు ఆ చెట్టు పూయాలని ఆమె ఎందుకంత పట్టు పట్టిందో.

మరుసటి రోజు చిక్కబళ్ళాపురం వెళ్ళాను. మేష్ట్రు ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశాడు. బాగుందనలేదు.

"ఆకులేవి సార్?"

"వస్తాయేమో..."

"రావు. ఉన్న శక్తంతా పూలకు పెట్టింది. వేళ్ళు పోయాయి దీనికి. పోయే ముందు చెట్టు ఇట్లాగే పూస్తుంది. విత్తనం వేసి పోదామని." ఫోను నా చేతికి ఇచ్చాడు. "కింద ఉబ్బిన పూలు చూడండి, అవి కాయలవుతాయి. ఒక్క కాయ పట్టినా ఈ చెట్టు మోయలేదు. ఈరోజే అన్నీ తీసేయండి. ఒక్కటి కూడా ఉంచకండి."

"తీస్తే బతుకుతుందా?"

"బతకొచ్చు. తీయకపోతే బతకదు. అంతవరకు చెప్పగలను."

బస్సులో తిరిగి వస్తూ ఆ మాటను రకరకాలుగా తిప్పి చూశాను. ఇంటికి పోయి గబగబా గిల్లేయొచ్చు. ఆకు గిల్లడానికి ఎవరినీ అడగని చేతులు ఇవి. కానీ ఈ పూలు నావి కావు. ఇంత చిన్న చెట్టు మీద అక్క తన తోటకు సాక్ష్యం పెట్టుకుంది. తీసేసి, రాలిపోయాయని చెప్పొచ్చు. శిడ్లఘట్టలో దిగి ఇంటికి పోయే బస్సు కాకుండా దిబ్బూరహళ్ళి మీద బాగేపల్లికి పోయే బస్సు ఎక్కాను.

అక్క వాకిట్లో క్యాప్సికమ్ ఏరుతోంది. పచ్చవి ఒక పక్క, ఎర్రవి ఒక పక్క. మేనల్లుడు బాక్సులు కడుతున్నాడు. నన్ను చూసి, "ఏం మామా, మా అమ్మ చేతికి చెట్టు ఇచ్చి పెండ్లికి పోతివంట! చాలా ధైర్యం నీకు," అన్నాడు. సరదాకే అన్నాడు. అక్క కూడా సరదాగానే, "ఆ, ఇప్పుడు చూడనీ ఆ ధైర్యం ఎంత పూసిందో," అంది.

నేను చెప్పడానికి చాలా నీళ్ళు నమిలాను. పేపరులో చెడ్డవార్త మొదటి వాక్యంలోనే చెప్పాలి. మనుషులకు అట్లా చెప్పడం నాకు రాదు. చివరికి మేష్ట్రు అన్నదంతా అన్నాను. వేళ్ళ సంగతి, ఆకుల సంగతి, ఒక్క కాయ కూడా మోయలేదన్న సంగతి.

అక్క చేతిలో క్యాప్సికమ్ ఉంది. ఏ పక్క వేయాలో తెలియనట్టు దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"అట్లయితే," అంది, "వాడన్నదే నిజమంటావు."

మేనల్లుడు తల ఎత్తాడు. "నేనేమన్నానమ్మా?"

"అన్నావులే."

"అక్కా, తోటకు వచ్చింది వేరే. అది మన్ను రోగం. దీనికి జరిగింది వేరే. కుండీలో వేరు బెత్తెడే ఉంటాది, చేనిలో మాదిరి కింద నుంచి తెచ్చుకోదు..." నేను చెబుతూనే ఉన్నాను. నా మాటలు నాకే వాదనలా వినిపించాయి. నిజానికి నాకు తెలియదు. మన్ను రోగమని ఇలాఖా వాళ్ళు చెప్పారు. ఎండిన చెట్టును రోగం తొందరగా పట్టుకుంటుందని వాళ్ళే చెప్పారు. రెండూ రాసుకున్నాను. ఏది ముందు రాయాలో ఇప్పటికీ తెలియదు.

అక్క నన్ను ఆపింది. "కత్తెర పెడతావా దానికి?"

మా వైపు ఆడవాళ్ళు పూతమీదున్న చెట్టుకు ఇనుము తగలనివ్వరు. కొడవలి కూడా ఆ చెట్టుకు ఆనించి పెట్టరు. తోటలో కాయలు పలచన చేసేటప్పుడు కూడా అక్క కూలివాళ్ళ చేతికి కత్తెర ఇచ్చేది కాదు, పిందె అయ్యాక చేత్తో తుంచాలి అనేది.

"కత్తెర వద్దులే," అన్నాను. "నువ్వు చెప్పినట్టే."

"నేను చెప్పేదేముండాది ఇంగ." లేచి చేతులు కడుక్కుంది. "ఉండు, వస్తాండా."

ఇంట్లోకి పోయి చీర మార్చుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, చేతిసంచితో బయటికొచ్చింది. మేనల్లుడు బాక్సు వదిలేసి, "నేను బండిలో దింపుతా పదమ్మా," అన్నాడు. "నీకు మార్కెట్టు లేదా?" అంది అక్క. "మార్కెట్టు చింతామణిలోనే గదమ్మా," అన్నాడు. దారిపొడుగునా ముగ్గురం బండి ముందుభాగంలో ఇరుక్కుని కూర్చున్నాము. ఎవ్వరమూ ఆ చెట్టు మాట ఎత్తలేదు. చేలూరు దాటాక మేనల్లుడు మెల్లగా, "అమ్మా, ఆ రోజు ఏదో కోపంలో..." అన్నాడు. "రోడ్డు చూసి తోలు," అంది అక్క.

మిద్దె మీద ఇంకా వెలుతురుంది. పూత నిన్నటి కన్నా ఎక్కువైనట్టుంది. అక్క ఒక పీట వేయించుకుని దాని ముందు కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాను. మేనల్లుడు గోడకు ఆనుకున్నాడు.

ఆమె మొదట తొందరపడలేదు. పెద్ద పూవునొకదాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని కింది భాగం ఉబ్బిందా లేదా అని చూసింది. ఉబ్బింది. కాయ పూవే. బాగేపల్లి చేనిలో అయితే దాన్ని ఉంచి పక్కవి తీసేసేది. ఒక్క గోటితో దాన్ని తుంచి ఒళ్ళో వేసుకుంది. తరువాత చెయ్యి ఆగలేదు. ఎన్నేండ్ల పనితనమో ఆ వేళ్ళలో ఉంది. కొమ్మ కదలకుండా, పక్క మొగ్గకు తగలకుండా, చిట్లిన శబ్దం కూడా రాకుండా తీస్తోంది. తీగ అడ్డం వచ్చిన చోట విసుక్కుని, "ఈ కట్లొకటి," అంది. నేను వంగి ఆ తీగ విప్పాను. ఆమె ఒళ్ళో చీరంతా ఎర్రగా నిండిపోయింది.

చివర తలకాయ దగ్గర ఒక మొగ్గ మిగిలింది. అక్క దాని వైపు చూసింది. నా వైపు చూసింది. ఉంచమని నేను అనలేను, తీయమని కూడా అనలేను.

"తీసేయ్‌మ్మా," అన్నాడు మేనల్లుడు.

తీసేసింది. చీర కొంగు దులిపి, ఆ పూలన్నీ ఒక చేటలో పోసి, లేచి నిలబడి నడుము పట్టుకుంది. ఖాళీ కొమ్మల చెట్టు, దాని మెలి తిరిగిన బోదె. "ఇదే మా షెడ్డు పక్కన ఉండినప్పుడు ఈ మెలి కనపడేదే కాదు," అంది.

ఆ రాత్రే వాళ్ళు వెళ్ళిపోయారు.

తరువాత వానలు మొదలయ్యాయి. మిద్దె మీద రేకు కిందికి కుండీని జరిపాను, మళ్ళీ తుంపరలోకి జరిపాను. ఎడమ కొమ్మ బూడిదరంగు తిరిగి ఎండిపోయింది. తీగ చుట్టి వంచి, రెండేండ్లుగా ఆకారం తెచ్చిన కొమ్మ. వెనక కొమ్మ కూడా అదే దారి పట్టింది. అక్క వారానికొకసారి ఫోను చేసేది. పూత మాట ఎత్తేది కాదు. "ఎట్లుండాది?" అంటుంది. "అట్లే ఉండాది," అంటాను. తరువాత క్యాప్సికమ్ రేటు చెబుతుంది.

నిన్న పొద్దున వాన వెలిసిన తరువాత చూశాను. బోదె కింది భాగంలో, సరిగ్గా ముందర పక్క, ఏమీ రాకూడదని నేను అనుకున్న చోట, బెరడును చీల్చుకుని ఎర్రటి చిగురు. పక్కన ఇంకొకటి. పూమొగ్గ కాదు, ఆకు. గోటితో తోసేస్తే పోయే చిగురు. ఆ చోట వస్తే ఎవరైనా తోసేసేదే. బోదె అందమంతా అడ్డమైపోతుంది.

అక్కకు ఫోను చేశాను.

"చిగురొచ్చిందక్కా."

"యాడ?"

"ముందర. అడ్డంగా."

అవతల పాలిహౌసులో ప్లాస్టిక్కు గాలికి కొట్టుకునే చప్పుడు.

"నీళ్ళు పోసినావా?" అంది.

"వాన పడిందక్కా. తడిగానే ఉంది."

"రేపు?"

"రేపు పోస్తాను."

"పొయ్యి," అంది అక్క. "ఎల్లుండి గూడా పొయ్యి. ఆపద్దు."